ముసురులో చోళ్ల మొలకలు: ఒక డైరీ

చెల్లి కొడుక్కి ఏడో నెల. అన్నప్రాసన అయిపోయింది, ఇక జావ మొదలుపెట్టాలి. మొన్న ఫోన్ చేసి, "అక్కా, షాపులో మాల్ట్ డబ్బా తిప్పి చూస్తే చక్కెర పేరు పైన, రాగుల పేరు కింద ఉంది. నువ్వు ఇంట్లోంచే పని చేస్తావు కదా, మొలక కట్టి పిండి పట్టించి తేకూడదూ?" అంది. వినాయక చవితికి ఎలాగూ విజయనగరం వెళ్తాం. అప్పటికి రెండు కిలోల మొలక చోడిపిండి కావాలి. చేతిలో అయిదు వారాలున్నాయి. బయట ఆషాఢం ముసురు.

చోళ్లంటే రాగులే. మా వైపు చోళ్లు అంటాం, ఇక్కడ హైదరాబాదులో మా వీధి చివర అమ్మే ఆవిడ తైదలంటుంది, ప్యాకెట్ మీద రాగులని రాసి ఉంటుంది. ఈ డైరీలో మూడూ దొర్లుతాయి.

శనివారం, 1వ రోజు

ముందే చోళ్ల జోలికి వెళ్లకుండా పెసలతో చెయ్యి తిప్పుకుందామనుకున్నాను. వంటింటి కాటా మీద సరిగ్గా 100 గ్రాములు తూచి, కడిగి, రాత్రి తొమ్మిదికి నానబెట్టాను.

ఆదివారం, 2వ రోజు

పొద్దున్న వంపితే 205 గ్రాములు తూగాయి. ఒక్క రాత్రికి తమ బరువంత నీళ్లు తాగేశాయి. మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి, ఎండిపోతాయేమోనని అడుగున ఒక గుక్కెడు నీళ్లు ఉంచాను. ఆ గుక్కెడే కొంప ముంచింది.

సోమవారం, 3వ రోజు

మూత తీయగానే పుల్లటి కుళ్లు వాసన. కింది వరస గింజలు జిగురు పట్టి వేళ్లకి అంటుకుంటున్నాయి. పై వరసకి మాత్రం చక్కగా తెల్ల ముక్కులు వచ్చాయి. అంటే గింజలు మంచివే, తప్పు నాది. అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను.

"ఏటే, అడుగున నీళ్లెందుకు ఉంచేవు? అవేమైనా చేపలేటి ఈత కొట్టడానికి? నానిన గింజకి ఊపిరాడాలే."

అమ్మ చదివింది ఎనిమిదో తరగతి. కానీ ఆ మాట బోటనీ పుస్తకంలోదే. పొడిగా ఉన్నంతకాలం గింజ నిద్రలో ఉన్నట్టే. నీళ్లు తాగి ఉబ్బాక లోపల పని మొదలవుతుంది, గింజ గాలి పీల్చుకుంటుంది. నీళ్లలో మునిగి ఉంటే ఆ గాలి అందదు. గింజ చచ్చి పులుస్తుంది, బాక్టీరియాకి విందు దొరుకుతుంది. తడి, వెచ్చదనం, పిండి పదార్థం, మూడూ ఒకే డబ్బాలో.

ఇది ఉత్తి వాసన గొడవ కాదు. 2011లో జర్మనీలో ఈ-కోలై జబ్బు పడి 50 మందికి పైగా చనిపోయారు, వేల మంది జబ్బు పడ్డారు. ఆరా తీస్తే అది మొలకెత్తిన మెంతుల దగ్గర తేలింది, ఆ మెంతులు ఈజిప్టు నుంచి వెళ్లినవి. బాక్టీరియా గింజ మీదే పొడిగా కూర్చుని వస్తుంది, మొలక కట్టేటప్పుడు మనం దానికి కూడా నీళ్లు పోసి పెంచుతాం. అప్పటి నుంచి మా ఇంట్లో పచ్చి మొలకల సలాడ్ బంద్. ఆవిరి మీద అయిదు నిమిషాలు ఉంచి, తాలింపు వేసి, నిమ్మకాయ పిండుతున్నాను. విటమిన్ సి కొంత పోతుంది, పోనీ. చంటివాడికైతే అన్నీ ఉడికించినవే, ఇందులో బేరాల్లేవు.

గురువారం, 6వ రోజు

రెండో విడత పెసలు. ఈసారి చిల్లుల గిన్నె, మీద తడి బట్ట, కింద ఖాళీ పళ్లెం. రోజుకి మూడుసార్లు పంపు కింద తడిపి, నీళ్లు పూర్తిగా కారేదాకా ఏటవాలుగా పెట్టాను. ఇరవై నాలుగు గంటలకి అర అంగుళం మొలక, వాసన పచ్చి బఠాణీలా ఉంది. అప్పుడే తీసేయాల్సింది. ఇంకాస్త పెరగనిద్దాం అని ఆశపడి వదిలాను, మర్నాడు మా ఆడపడుచు వాళ్లింట్లో వ్రతానికి వెళ్లి రాత్రి అక్కడే ఉండిపోయాం.

వచ్చేసరికి మొలకలు గిన్నె చిల్లుల్లోంచి కిందికి దిగి అల్లుకుపోయాయి. పైన చిన్న ఆకులు కూడా విచ్చుకున్నాయి. చూడ్డానికి పెళ్లి పాలికల్లో నవధాన్యాల్లా ముచ్చటగా ఉన్నాయి గానీ నోట్లో వేసుకుంటే గడ్డి. మా ఆయన ఒక చెంచా తిని, "బాగానే ఉంది, మేకకి" అన్నారు.

అక్కడ నాకు అర్థమైంది, మొలక తెప్పించడం పని కాదని. నీళ్లు పోస్తే అదే వస్తుంది. సరైన గంటకి దాన్ని ఆపడమే పని. ఇన్ని వీడియోలు చూశాను, అన్నీ మొలక వచ్చేదాకానే చూపించి చప్పట్లు కొట్టేస్తాయి.

ఇంకో సంగతి రాయకపోతే మర్చిపోతాను. తాలింపు పెట్టిన మొలకల్లో ఒక గింజ పటుక్కున పంటి కింద పడింది. రాయి అనుకున్నాను, కాదు, పెసర గింజే. కొన్ని గింజల పొట్టు ఎంత నానబెట్టినా నీళ్లు లోపలికి పోనివ్వదు. అమ్మ వాటిని రాతి గింజలంటుంది. వంపిన వెంటనే పళ్లెంలో పరిచి చూస్తే దొరికిపోతాయి. మిగతావన్నీ ఉబ్బి, ముడత విచ్చుకుని, లేతాకుపచ్చగా ఉంటాయి. ఇవి మాత్రం చిన్నగా, ముదురుగా, నూనె రాసినట్టు మెరుస్తూ ఉంటాయి. ఈ వంద గ్రాముల్లో పంతొమ్మిది ఏరాను.

ఆదివారం, 9వ రోజు

ఇక చోళ్లు. సూపర్ మార్కెట్ ప్యాకెట్ ఒకటి, రైతుబజారులో విడిగా కొన్నవి ఒక కిలో. ఏవి మొలుస్తాయో ముందే తెలుసుకోవడానికి రైతులు విత్తనాలకి చేసే పరీక్షే చేశాను. ప్యాకెట్‌వి వంద, రైతుబజారువి వంద, లెక్కపెట్టి, తడి బట్టలో వేరువేరుగా చుట్టి రెండు రోజులు ఉంచాను. రాగి గింజలు వంద లెక్కపెట్టడమంటే కళ్లజోడు ఉన్నవాళ్లకి శిక్ష.

ప్యాకెట్‌వి 58 మొలిచాయి. రైతుబజారువి 93. ప్యాకెట్ గింజలు పాతబడ్డాయో, పాలిష్ పట్టారో, మొత్తానికి అవి అంబలికి వెళ్లిపోయాయి. విత్తనాల దుకాణంలో కొంటే నూటికి నూరూ మొలుస్తాయి కదా అని మా ఆయన ఒక సలహా ఇచ్చారు. వద్దు. విత్తడానికి అమ్మే గింజలకి పురుగుమందు, తెగుళ్ల మందు పట్టిస్తారు. గులాబీ రంగో, ఎరుపో పూసి ఉండేది అందుకే, ఎవరూ తినకుండా.

మంగళవారం, 11వ రోజు

గాలించడం మర్చిపోయిన విద్య. అమ్మ ఫోన్లో చెప్తుంటే చేశాను. వెడల్పాటి గిన్నెలో కిలో చోళ్లు, నిండా నీళ్లు. ముందు పైకి తేలిన తాలు, పొట్టు వంపేయాలి. తర్వాత గిన్నెని రెండు చేతుల్తో పట్టుకుని అటూ ఇటూ ఊపుతూ, నీళ్లతోపాటు తేలే గింజల్ని కొంచెం కొంచెంగా రెండో గిన్నెలోకి జార్చాలి. బరువున్న ఇసుక మొదటి గిన్నెలోనే అడుగున కూర్చుంటుంది. మొదటిసారి గుప్పెడు గింజలు సింకులోకి పోయాయి. నాలుగోసారికి మణికట్టుకి లయ దొరికింది. అడుగున మిగిలింది చూస్తే చెంచాడు నల్ల ఇసుక, రెండు మట్టిబెడ్డలు. ఇది పసివాడి నోట్లోకి పోయేది!

పది గంటలు నానబెట్టి, వంపి, పాత పంచె ముక్కలో మూట కట్టి, వంటింటి కొక్కేనికి వేలాడదీశాను. అమ్మమ్మ అలాగే కట్టేది.

బుధవారం, 12వ రోజు

సాయంత్రం మూట విప్పి చెయ్యి పెడితే మధ్యలో వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన ఒళ్లులా. ఊపిరి పీల్చే గింజలు వేడి పుట్టిస్తాయి, కిలో మూట మధ్యలో ఆ వేడి బయటికి పోయే దారి లేదు. మధ్య గింజలకి మొలక పెద్దదైంది, అంచువి ఎండి అలాగే ఉన్నాయి. అమ్మమ్మ కట్టేది ఇద్దరు పిల్లలకి సరిపడా పిడికెడు మూట. నేను కట్టింది కిలో. ఆ తేడా నాకు తట్టలేదు.

ఇల్లు తుడిచే అక్క ఈ తతంగమంతా చూస్తూనే ఉంది. ఆమెది దేవరకొండ దగ్గర తండా. "మూటల ఎందుకమ్మా, బుట్టల పోయి. మా తీజ్‌కి గోధుమలు బుట్టలనే ఏస్తం" అంది. శ్రావణంలో లంబాడీ తండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు చిన్న వెదురుబుట్టల్లో మట్టి, ఎరువు పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుకుంటూ నీళ్లు పోస్తారు. నారు ఎంత ఏపుగా వస్తే అంత మంచిదని నమ్మకం. వాళ్లది మట్టిలో పెంచే నారు, నాది ఉత్త గింజ. అయినా బుట్ట సంగతి మాత్రం ఇక్కడా పనికొచ్చేదే. అడుగు నుంచి, పక్కల నుంచి గాలి ఆడుతుంది. సాయంత్రమే వెళ్లి వెడల్పాటి వెదురుబుట్ట కొన్నాను, 150 రూపాయలు.

శుక్రవారం నుంచి ఆదివారం, 14–16వ రోజులు

ఉన్న చోళ్లనే బుట్టలో రెండు వేళ్ల మందాన పరిచి, మీద తడి బట్ట కప్పి, ఆరు గంటలకోసారి చేత్తో కలిపాను. శుక్రవారం పొద్దుటికి గింజగింజకీ ఆవగింజంత తెల్ల మొలక. ఇక ఆరబెట్టాలి. కిటికీలోంచి చూస్తే ఆకాశం సీసం రంగులో ఉంది.

హాల్లో చాప వేసి, చీర పరిచి, సీలింగ్ ఫ్యాన్ కింద పోశాను. ఆరలేదు సరికదా, తడి చాలినంత ఉంది కాబట్టి మొలకలు పెరుగుతూనే ఉన్నాయి. శనివారం రాత్రికి వేర్లు ఒకదాంతో ఒకటి పెనవేసుకుని, చీర ఒక మూల పట్టి లేపితే చోళ్లన్నీ అట్టులా లేచాయి. ఆదివారం పొద్దున్న ఆ అట్టు అడుగున బూడిదరంగు బూజు, ముక్కిన వాసన. కడిగి వాడొచ్చేమో అని ఒక్క నిమిషం మనసు లాగింది. బూజు విషం కడిగితే పోయేది కాదు. కిలో మొత్తం చెత్తబుట్టలోకి. డబ్బు కన్నా ఆ వంద లెక్కపెట్టిన కళ్ల నొప్పి ఎక్కువ బాధపెట్టింది.

బుధవారం, 19వ రోజు

దిగులు తీరడానికి వేరే గింజలతో ఆడాను. ఉలవలు భేష్, ముప్పై గంటలు పట్టింది. శనగలకి ఇంకాస్త ఎక్కువ. జొన్నలు కూడా తడిపి పెట్టాను. వాచ్‌మన్ అన్న పార్సిల్ ఇవ్వడానికి వచ్చి బుట్ట చూసి, "మేడం, జొన్న మొలక తినొద్దు. నాము తిని మా ఊళ్లె గొర్లు సచ్చినయ్" అన్నాడు. ఆయనది పాలమూరు. నాము అంటే లేత జొన్న పిలక. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. జొన్న మొలిచేటప్పుడు మొలకలో ధురిన్ అనే పదార్థం పుడుతుంది, అది నమిలినప్పుడు సైనైడ్ వదులుతుంది. గింజగా ఉన్నప్పుడు ఏ దోషమూ లేని జొన్న, మొలకగా మారాక వేరే సరుకు. బుట్ట ఖాళీ చేశాను. రాజ్మాలో దోషం వేరే, కానీ దాన్ని కూడా మొలిచినా సరే పచ్చిగా నోట పెట్టకూడదు, బాగా మరిగి ఉడకాలి.

శనివారం, 22వ రోజు

మళ్లీ చోళ్లు, మళ్లీ కిలో. ఈసారి లెక్క వెనక నుంచి వేశాను. ఎండ ఎప్పుడు వస్తుందో ఫోన్లో చూసి, దానికి సరిపోయేలా నానబెట్టాను. సోమ, మంగళవారాల్లో ఎండ ఉందని చెప్పింది. శనివారం రాత్రి నానబోత, ఆదివారం పొద్దున్న బుట్టలోకి.

సోమవారం, 24వ రోజు

తెల్లవారుజాముకి మొలక మిల్లీమీటరు దాటింది. ఆరింటికే ఆపేశాను. బుట్టలోంచి తీసి, రెండు చీరల మీద పొర పల్చగా, అంటే గింజ పక్కన గింజ తప్ప గింజ మీద గింజ లేకుండా పరిచి, నేల మీద టేబుల్ ఫ్యాన్ పెట్టి మూడు గంటలు గాలి కొట్టించాను. పైతడి పోయాక మేడ మీదికి.

మేడ మీద పావురాలు. హైదరాబాదులో మేడ ఉందంటే పావురం ఉందనే. మా పాత దోమతెర తీసి కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, నేను లాప్‌టాప్ పట్టుకుని వాటర్ ట్యాంకు నీడలో కూర్చున్నాను. మీటింగ్‌లో ఎవరో "వెనకాల ఏంటా చప్పుడు?" అంటే "నా టీమ్" అన్నాను.

మంగళవారం, 25వ రోజు

సాయంత్రానికి గుప్పెడు తీసి స్టీలు పళ్లెంలో పోస్తే గలగలమని మోగాయి. నిన్న పోసినప్పుడు మెత్తగా, ఇసుక జారినట్టు పడ్డాయి. ఆ చప్పుడు తేడానే పరీక్ష. రెండు అరచేతుల మధ్య నులిమితే ఎండిన మొలకలు రాలిపోయాయి, చాటతో చెరిగితే ఎగిరిపోయాయి. తూస్తే 910 గ్రాములు.

ఇక వేపడం. అమ్మ మాట ప్రకారం కమ్మటి వాసన వచ్చి, గింజ చిటపటలాడేదాకా వేపాలి. నేను సగం అలా వేపి, సగం చెయ్యి కాలేంత వెచ్చ మాత్రం చేసి దింపాను. రెండిటినీ మిక్సీలో కొంచెం పట్టి, మామూలు చోడిపిండి ఇంకో గిన్నెలో పెట్టుకున్నాను. పొయ్యి మీద వరసగా మూడు గిన్నెలు. ఒక్కోదానిలో గ్లాసు నీళ్లు, రెండేసి చెంచాల పిండి, ఒకేలాంటి సన్నమంట.

మామూలు పిండి అయిదు నిమిషాల్లో సంకటి దారిలో పడింది, గరిట నిలబెడితే నెమ్మదిగా పక్కకి ఒరిగింది. బాగా వేపిన మొలక పిండి కూడా ఇంచుమించు అంతే, కాస్త పల్చన. కొద్దిగా వెచ్చ చేసిన మొలక పిండి మాత్రం చిక్కబడబోయి, మళ్లీ జారిపోయింది! గరిటలోంచి మజ్జిగలా ధారకట్టింది. నాకి చూస్తే, బెల్లం వెయ్యకుండానే నాలుక చివర తియ్యదనం.

కారణం ఇది. మొలకెత్తే గింజ, దాచుకున్న పిండి పదార్థాన్ని చక్కెరగా కోసుకుని తినడానికి అమైలేజ్ అనే ఎంజైమ్ తయారుచేసుకుంటుంది. మనం గింజని మధ్యలో ఆపేసి ఆరబెడితే ఆ ఎంజైమ్ లోపలే ఉండిపోతుంది. జావ వేడెక్కుతూ 60, 70 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు అది లేచి పిండిని కోస్తుంది, మరిగాక చస్తుంది. గింజని ముందే ఎర్రగా వేపేస్తే బాణలిలోనే చచ్చిపోతుంది. వాసన వస్తుంది, పని పోతుంది.

పిల్లవాడికి దీనివల్ల ఒరిగేదేమిటంటే, వాడి పొట్ట గుప్పెడంత. చిక్కటి జావ మింగలేడు, నీళ్లు కలిపి పల్చన చేస్తే కడుపు నిండుతుంది గానీ బలం చాలదు. మొలక పిండితో అయితే అదే గ్లాసులో ఎక్కువ పిండి వేసినా మింగగలిగేలా ఉంటుంది. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్లు మొలకెత్తిన రాగులు, పెసలు కలిపి పిల్లల ఆహారం తయారుచేసింది 1980ల్లోనే, ఈ సూత్రం మీదే. రాగుల్లో కాల్షియం సంగతి అందరికీ తెలిసిందే, వంద గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాములు.

ఆదివారం, 30వ రోజు

ఇదే పద్ధతిలో ఇంకో కిలోన్నర అయింది. ఈసారి ఎండ ఒకటే పూట దొరికింది, మిగతాది ఫ్యాన్ కిందే లాగించాను. పొర పల్చగా ఉంటే ఫ్యాన్ కూడా చాలుతుంది, 16వ రోజు తప్పు ఫ్యాన్‌ది కాదు, నేను మందంగా పొయ్యడంది.

గిర్ని దగ్గరికి తెరిచే వేళకే వెళ్లాను, ముందు ఎవరైనా మిరపకాయలు పట్టిస్తే ఆ ఘాటు పసివాడి జావలో తేలుతుందని. మిరపకి వేరే మిషన్ ఉందని చెప్పారు గానీ, గాలికి కూడా తుమ్ములొచ్చే చోటది. గిర్నీ ఆయన సంచిలో చెయ్యి పెట్టి, నాలుగు గింజలు నోట్లో వేసుకుని పటపట కొరికాడు. "ఆరినయ్ మేడం. పచ్చిగుంటే రాయి పట్టుకుంటది" అన్నాడు. ఆ ఒక్క మాటకి నాకు డిగ్రీ పట్టా అందుకున్నంత సంతోషం. ముందు గుప్పెడు నా చోళ్లే వేయించి, ఆ పిండి పక్కన పెట్టి, తర్వాత మిగతావి పట్టించాను.

ఇంటికొచ్చి పల్చటి నూలుబట్టలో జల్లిస్తే ముదురు పొట్టంతా మీద మిగిలింది. పెద్ద డబ్బాలో 1,620 గ్రాములు, కొద్దిగా వెచ్చ చేసినది. చిన్న డబ్బాలో బాగా వేపినది 340. రెండు కిలోలకి 40 గ్రాములు తక్కువ, అది మిక్సీ ప్రయోగాల కింద రాసుకున్నాను. పెద్ద డబ్బా మీద "బాబు" అని, చిన్నదాని మీద "అమ్మ" అని మార్కర్‌తో రాశాను.

శుక్రవారం, 35వ రోజు, విజయనగరం

సంచి కింద పెట్టానో లేదో అమ్మ పెద్ద డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"వేపు చాల్లేదే దీనికి" అంది.

మాట్లాడకుండా చిన్న డబ్బా చేతిలో పెట్టాను. వాసన చూసి, "ఇదీ చోడిపిండంటే" అని తన అంబలికి వంటింట్లోకి తీసుకుపోయింది. చెల్లి పెద్ద డబ్బాలోంచి రెండు చెంచాలు తీసి పొయ్యి మీద పెట్టింది. మరిగి, చల్లారాక, వెండి గిన్నెలో పోసి వాడి మూతికి చెంచా ఆనించింది. మొదటి చెంచా గడ్డం మీదుగా కారింది. రెండోది లోపలికి వెళ్లింది. మూడోదానికి వాడే చెంచా పట్టుకుని లాక్కున్నాడు.